మూసిన గాలికన్నం

“పొయ్యిలో ఏ దోషమూ లేదు,” అన్నాడు హరలాంబి, మోకాళ్ళ మీద నుంచి లేవకుండానే.

ఆ మాట వినడానికి వంటింట్లో ఇద్దరే ఉన్నారు. కిటికీ దగ్గర నిలబడ్డ నెకులాయ్, బల్ల ముందు కూర్చున్న అతని తల్లి ప్రొఫిర. మూడో మనిషి, నెకులాయ్ భార్య ఇలింక, గురువారం మధ్యాహ్నం నుంచీ జిల్లా ఆసుపత్రిలో ఉంది. ఆమె కడుపులోని ఐదో నెల బిడ్డ శుక్రవారం తెల్లవారేసరికి దక్కకుండా పోయింది.

“దోషం లేకుండానే మనిషి పడిపోయిందా?” అన్నాడు నెకులాయ్.

“పడిపోయింది గనకే దోషం ఎక్కడో ఉందంటున్నా. పొయ్యిలో లేదంటున్నా, అంతే. నాజిల్ ఈ పైపు గ్యాస్‌కి సరిపోయేదే. ప్రతి అతుక్కీ సబ్బు నురుగు రాసి చూశా, ఒక్క బుడగ రాలేదు. ఒత్తిడి బాగుంది. ఇదిగో మంట, నువ్వే చూడు. మీ నాన్న కళ్ళలా నీలంగా ఉంది.”

మంట నిజంగానే నీలంగా ఉంది. దాన్ని చూసి ప్రొఫిర చూపు తిప్పుకుంది. పొయ్యి బిగించిన మొదటి రెండు రోజులు తప్పితే, ఈ మూడు వారాల్లో అంత శుభ్రమైన మంట ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. పొద్దున వెలిగించినప్పుడు బాగానే ఉండేది. గంట గడిచేసరికి పసుపు రంగుకి తిరిగేది, గిన్నెల అడుగున మసి పట్టించేది, తలలు బద్దలయ్యేలా నొప్పి తెప్పించేది.

దానికి వాళ్ళు చేయని వైద్యం లేదు. నెకులాయ్ బర్నర్లు విప్పి వెనిగర్‌లో నానబెట్టాడు. నాజిళ్ళు రెండుసార్లు విప్పి బిగించాడు. ప్రొఫిర చర్చి నుంచి ఫాదర్‌ని పిలిచి పవిత్ర జలం చల్లించింది. గొట్టంలో వచ్చే గ్యాసే మంచిది కాదన్నారు ఊళ్ళోవాళ్ళు. బిగించిన హరలాంబినే పిలుద్దామంటే, ఊరూరా కొత్త గొట్టాలు వేస్తున్న రోజులు, అతనికి ఊపిరి సలపడం లేదు. ఈస్టర్ పండగయ్యాక వస్తానన్నాడు. ఇప్పుడు పండగ ముందు రోజున, ఎవరూ పిలవకుండానే, సామాన్ల సంచీతో గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మనే దాకా టోపీ చేతిలోనే పట్టుకున్నాడు.

ఇలింక మాత్రం ఆ మూడు వారాలూ ఏమీ అనలేదు. మసి గిన్నెలు తోముకుంటూ ఊరుకుంది. గ్యాస్ పొయ్యి కావాలన్నది ఆమే. దానికోసం మామగారు తోదెర్ తన చేతుల్తో కట్టిన కట్టెల పొయ్యిని పడగొట్టించిందీ ఆమే. కోరి తెచ్చుకున్న దాని మీద ఫిర్యాదు చేస్తే ఎవరు వింటారనుకుందో ఏమో.

“గురువారం ఈ పొయ్యి ఎంతసేపు వెలిగింది?” హరలాంబి లేచి నిలబడి అడిగాడు.

“నేను రంపం మిల్లులో ఉన్నా,” అన్నాడు నెకులాయ్. “అమ్మకి తెలుసు.”

ఇద్దరూ ప్రొఫిర వైపు తిరిగారు.

“పండగ రొట్టెలు కదా,” అంది ప్రొఫిర. “పొద్దున ఆరింటికి ఓవెన్ వెలిగించింది. పన్నెండు దాకా ఆపలేదు. ఎనిమిది కొజొనాక్‌లు. పిండి పొంగాలి కదా, తలుపులు కూడా వేసే ఉంచాం. గాలి తగిలితే పొంగిన పిండి కూలిపోతుంది.”

“కిటికీలు?”

“కొత్తవే,” అన్నాడు నెకులాయ్. “రెండద్దాలవి. చీమ కూడా దూరదు.”

హరలాంబి తల పైకెత్తాడు. పొయ్యి పక్క గోడకి, కప్పుకి జానెడు కింద, ఒక చదరపు కన్నం, దానికో తెల్ల ప్లాస్టిక్ జాలీ. బిగించిన రోజున అతనే గోడ తొలిచి పెట్టాడు. “ఇది ఈ ఇంటికి ముక్కు అక్కా. దీన్ని మాత్రం ఎప్పుడూ మూయకండి,” అని అత్తాకోడళ్ళిద్దర్నీ నిలబెట్టి మరీ చెప్పాడు. ఆ రోజు నెకులాయ్ పనిలో ఉన్నాడు.

అతను కుర్చీ లాక్కుని ఎక్కాడు. జాలీని వేలితో తడిమాడు. దాని రెండు పలకల మధ్య నుంచి ఏదో పట్టి లాగాడు. దిగి, అరచెయ్యి చాపి చూపించాడు. చిన్న ఉన్ని పోగు. బూడిద రంగు.

“ఇదేంటి?” అన్నాడు నెకులాయ్.

హరలాంబి నిన్నటి పేపరు ఒకటి తీసుకుని, మడిచి, మళ్ళీ కుర్చీ ఎక్కి జాలీకి అడ్డంగా కుక్కాడు. తలుపు వేశాడు. నాలుగు బర్నర్లూ, ఓవెనూ వెలిగించి, తను కూడా వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

“కాసేపు చూద్దాం. తల తిరిగినట్టుంటే వెంటనే చెప్పండి.”

ముగ్గురూ కూర్చున్నారు. చావు ఇంట్లో కూర్చున్నట్టే కూర్చున్నారు, నిజానికి అది చావు ఇల్లే. బల్ల మీద ఎనిమిది కొజొనాక్‌లు గుడ్డ కప్పి అలాగే ఉన్నాయి. గురువారం నుంచీ వాటిని ఎవరూ ముట్టలేదు, పారేయడానికీ ఎవరికీ చేతులు రాలేదు.

ప్రొఫిర మంటని చూడలేక తన చేతుల్ని చూసుకుంది.

పొయ్యి వచ్చిన రెండో రోజు సాయంత్రం, కొండ మీద నుంచి గాలి తిరిగింది. ఆ కన్నంలోంచి దూరి సరిగ్గా మెడ మీద కొట్టింది. యుద్ధంలో చచ్చినవాళ్ళకన్నా సందుగాలికి చచ్చినవాళ్ళే ఎక్కువని ప్రొఫిర తల్లి అంటుండేది. చెవిపోటు, పంటిపోటు, నడుంనొప్పి, బాలింత జ్వరం, అన్నీ ఆ గాలివల్లే అని ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లని అడిగినా చెప్తుంది. పైగా ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల. పొయ్యి ముందు చెమటలు కక్కుతూ నిలబడుతుంది, వెనక నుంచి చల్లగాలి. ముక్కైతే మాత్రం, జలుబు చేస్తే ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకోమా అనుకుంది ప్రొఫిర. జాలీ ఊడదీసి, తన పాత ఉన్ని కండువా మడిచి కన్నంలో కుక్కి, జాలీ మళ్ళీ బిగించింది. అది ప్రేమతోనే చేసింది. ఆ సంగతి ఆమె ఏ దేవుడి ముందైనా చెప్పగలదు.

గురువారం సంగతి మాత్రం ఏ దేవుడి ముందూ చెప్పలేదు.

ఆ రోజు పన్నెండింటికి ఆమె పెరట్లో గుడ్లకి ఎర్రరంగు వేస్తోంది. నెకులాయ్ భోజనానికి వచ్చి, లోపల కింద పడున్న ఇలింకని చూసి, రెండు చేతుల మీదా ఎత్తుకుని బయటికి పరుగెత్తాడు. ప్రొఫిర లోపలికి పరుగెత్తింది. ఎదురుగా పసుపు మంట. ఆ క్షణంలో ఆమెకి అంతా అర్థమైపోయింది, ఎవరూ చెప్పకుండానే. అప్పుడు ఆమె కోడలి దగ్గరికి వెళ్ళలేదు. ముందు కుర్చీ ఎక్కింది. కండువా లాగింది. జాలీ బిగించింది. కండువాని తన బట్టల పెట్టెలో అడుగున పెట్టి, ఆ తర్వాతే పెరట్లోకి వెళ్ళి కోడలి తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఏడుపు నిజమైనదే. ముందు కుర్చీ ఎక్కిన మాటా నిజమే.

“అదిగో,” అన్నాడు హరలాంబి.

మంటల కొసలు పసుపుకి తిరిగాయి. ముందు ఓవెన్‌లో, తర్వాత పైన. ఎవరో పిలిచినట్టు ఒకదాని వెంట ఒకటి రంగు మారాయి. నెకులాయ్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

హరలాంబి అన్నీ ఆపి, తలుపు తీసి, కిటికీ తీసి, పేపరు లాగేశాడు. “గది ఊపిరి పీల్చలేకపోతే మంట సగమే కాలుతుంది. సగం కాలిన గ్యాస్ విషం. దానికి వాసన ఉండదు. మూలనున్న ఆ అలారం కూడా మోగదు, అది గ్యాస్ కారితేనే మోగుతుంది. పొయ్యి మంచిదే నెకులాయ్. కన్నం ఎవరో మూశారు. ఎవరో మళ్ళీ తెరిచారు.”

“ఎవరు?”

ప్రొఫిర నోరు తెరిచింది. ఆ తెరవడంలో కాస్త ఆలస్యమైంది. ఆ కాస్తలోనే కొడుకు జవాబు తనే చెప్పుకున్నాడు.

“ఇంకెవరు. పొద్దస్తమానం చలి, చలి అంటుంది. కిటికీ తీస్తే మూసేస్తుంది.” అతను పొయ్యి వైపు తిరిగాడు. “కడుపులో నా బిడ్డని పెట్టుకుని, ఇంత బుద్ధిలేని పని...”

“ఒరేయ్, ఆగు,” అంది ప్రొఫిర.

అతను ఆగలేదు. ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. తెరిచిన కిటికీలోంచి ప్రతి మాటా లోపలికి వచ్చింది. “నువ్వేనా? గోడకున్న కన్నం మూసింది నువ్వేనా? అది చెప్పు. నువ్వేనా?” అదే మాట నాలుగుసార్లు, ఐదుసార్లు.

లోపలికి వచ్చినప్పుడు అతని మొహం పాలిపోయి ఉంది. “తనేనట,” అన్నాడు.

ప్రొఫిర లేవబోయి మళ్ళీ కూర్చుంది.

హరలాంబి సామాన్లు సంచీలో సర్దుకుంటున్నాడు. ఒక్కో రెంచీ గుడ్డతో తుడిచి మరీ పెట్టాడు. నెకులాయ్ కారు తీయడానికి వెళ్ళాక, తల ఎత్తకుండానే అన్నాడు.

“ఐదో నెల గర్భిణి కుర్చీ ఎక్కిందంటావా అక్కా? ఎక్కి మూసింది సరే. కింద పడిపోయినావిడ మళ్ళీ లేచి తెరిచిందంటావా?”

ప్రొఫిర రొట్టెల మీది గుడ్డ అంచు సర్దింది.

“నా తప్పూ ఉంది,” అన్నాడు అతను. “పిలిచినప్పుడు రాలేదు. ఆ పాపం నేను మోసుకుంటాను. నా పని పొయ్యి వరకే. మిగతాది నీ కొడుకుతో నువ్వు మాట్లాడుకో.”

గుమ్మం దాటాకే టోపీ పెట్టుకున్నాడు.

*

ఆసుపత్రి ముందు నెకులాయ్ కారు ఆపాడు గాని దిగలేదు.

“నువ్వు వెళ్ళిరా. నేను పైకి వస్తే ఏమంటానో నాకే తెలియదు.”

ప్రొఫిర చేతిలో చారు డబ్బా పట్టుకుని రెండంతస్తులు ఎక్కింది. మెట్టుమెట్టుకీ ఒక మాట కూడబలుక్కుంది. వార్డు గుమ్మం చేరేసరికి ఒక్కటీ మిగల్లేదు.

ఇలింక గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పక్క మంచం మీది ఆవిడ, అత్తగారొచ్చిందమ్మా అని చెప్తే ఇటు తిరిగింది. రెండు రోజుల్లో ఆ పిల్ల మొహంలో ఎముకలు బయటపడ్డాయి.

“చారు తెచ్చాను తల్లీ. కాస్త తాగు.”

“అక్కడ పెట్టండి అత్తయ్యా.”

ప్రొఫిర డబ్బా పెట్టింది. మంచం అంచున కూర్చోబోయి, కూర్చోకుండా నిలబడింది.

“ఇలింకా, నీకో మాట చెప్పాలి.”

“చెప్పక్కర్లేదు. నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“మీ కండువా. మూడో రోజు పొద్దున్నే చూశాను. జాలీ వెనక నుంచి అంచు కనబడేది.”

ప్రొఫిర మంచం కమ్మీ పట్టుకుంది. “చూసి తీయలేదా?”

“తీద్దామనే కుర్చీ లాగాను. మీరు పాలబిందెతో లోపలికి వచ్చారు. అప్పటికే ఆ వారంలో పొయ్యి గురించి నాలుగుసార్లు మాటా మాటా అనుకున్నాం. పడగొట్టిన పొయ్యికి మీరు పక్కగదిలో ఏడవడం కూడా విన్నాను. ఇప్పుడు ఈ కండువా తీస్తే దానికో గొడవ. ఎందుకులే అని కుర్చీ మళ్ళీ బల్ల కిందకి తోసేశాను.”

“మసి పడుతున్నప్పుడైనా అనొచ్చు కదే.”

“అందామనే అనుకున్నాను. రేపందాం, రేపందాం అనుకున్నాను. పండగయ్యాక హరలాంబి వస్తాడు, ఆయనే చూసి చెప్తాడు, మనిద్దరి మధ్య మాట రాకుండా పోతుంది అనుకున్నాను.” ఇలింక కళ్ళు మూసుకుంది. “అంతే అత్తయ్యా. ఇంకేం లేదు.”

చెంప మీద కొట్టినా ప్రొఫిర అంత బాధపడేది కాదు. కోడలు నోరుగలది కాదని ఊళ్ళో మెచ్చుకుంటే తను లోపల్లోపల గర్వపడేది. ఆ నోరు తన భయంతోనే మూతపడిందని ఇప్పుడు తెలిసింది.

“మరి నువ్వే మూశానని వాడితో ఎందుకు చెప్పావు?”

“అరుస్తున్నాడు. వార్డులో అందరూ నన్నే చూస్తున్నారు. నువ్వేనా, నువ్వేనా అని ఒకటే మాట. అవునన్నాను. ఊరుకున్నాడు.”

“నా కోసమా?”

“మీ కోసం కాదు. ఓపిక లేక.”

ఆ జవాబులో కోపం కూడా లేదు. కోపమైనా ఉంటే బాగుండుననిపించింది ప్రొఫిరకి.

“వాడికి నేను చెప్తాను. ఇప్పుడే, కిందకి వెళ్ళి చెప్తాను.”

“చెప్పండి. వద్దనను. కానీ నన్ను మాత్రం ఆ వంటింట్లోకి రమ్మనకండి. మా అమ్మ దగ్గరికి వెళ్తాను. ఆ పొయ్యి వెలిగించిన చప్పుడు ఇక నేను వినలేను.”

ప్రొఫిర వంగి ఆమె నుదుటి మీద జుట్టు సర్దబోయింది. ఇలింక తల తప్పించలేదు, దగ్గరికీ తేలేదు. చెయ్యి పెట్టనిచ్చింది.

“ఆడపిల్లట అత్తయ్యా,” అంది ఇలింక. “నర్సు చెప్పింది. ఆయనకి నేను చెప్పలేదు.”

*

ఆసుపత్రి ఆవరణలో జనం బుట్టలతో తిరుగుతున్నారు. పండగ రొట్టెలు, ఎర్ర గుడ్లు, తెల్లగుడ్డ కప్పిన మాంసం. మంచాన పడ్డవాళ్ళకి కూడా పండగ అందాలని తెచ్చుకుంటున్నారు. ప్రొఫిర వాళ్ళ మధ్యలోంచి చకచకా నడిచింది. నడక ఆపితే మాట జారిపోతుందని ఆమె భయం.

కారెక్కి తలుపు వేసుకుంది. నెకులాయ్ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి ముందుకి చూస్తున్నాడు.

“ఏమంది?”

“ఆ కన్నం మూసింది నేనురా.”

అతను తల తిప్పాడు.

“నేనే,” అంది ప్రొఫిర. “మెడకి గాలి కొడుతోందని మూశాను. దానికి జలుబు చేస్తుందని మూశాను. హరలాంబి వద్దని చెప్పినా వినకుండా మూశాను. అది పడిపోయాక తీసేశాను. ఇలింక ఏమీ చేయలేదు.”

చెప్పేసింది. ఇక కొడుకు ఏమన్నా సరే, దిగి పొమ్మన్నా సరే, నడిచి ఊరికి వెళ్దామనుకుంది.

నెకులాయ్ చాలాసేపు ఆమె మొహం చూశాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల్లి చెయ్యి తీసుకుని ముద్దుపెట్టుకున్నాడు.

“నువ్విలా అంటావని నాకు తెలుసమ్మా.”

“ఏం తెలుసురా, చెప్పేది విను.”

“నాన్న కట్టిన పొయ్యి పడగొట్టినప్పుడు నువ్వు ఒక్క మాట అనలేదు. మసి పట్టినా అనలేదు. ఇప్పుడు దాని తప్పు కూడా నీ నెత్తిన వేసుకుంటున్నావు. అది నీ కాళ్ళు పట్టుకుందా పైన? చెప్పమందా?”

“లేదురా.”

“అది నోటితో ఒప్పుకుందమ్మా. నా చెవులతో విన్నాను. దాన్ని వెనకేసుకురాకు. ఇంత మంచితనం పనికిరాదు.”

అత్తాకోడళ్ళు అతని ముందు ఏనాడూ గొంతు పెంచింది లేదు. తగువులన్నీ అతను మిల్లుకి వెళ్ళాకే మొదలై, అతను వచ్చేలోగా ముగిసేవి. మగపిల్లాడి మనసు కష్టపెట్టకూడదని ఇద్దరూ కలిసి కాపాడిన ఒకే ఒక్క ఒప్పందం అది. అందుకే అతనికి తెలిసిన తల్లి ఒక్క కటువు మాట ఎరగనిది. ఆ తల్లి అబద్ధమాడి కోడల్ని కాపాడుతుంది గాని, గోడకన్నం మూయదు.

పెట్టెలో కండువా ఉంది, చూపిస్తానురా అనొచ్చు. హరలాంబినే అడుగు అనొచ్చు. రెండో మాట చాలు, మూడో మాట చాలు. ప్రొఫిరకి అన్నీ నాలుక చివరే ఉన్నాయి.

కానీ కొడుకు చెయ్యి ఇంకా ఆమె చేతిని వదల్లేదు. భర్త పోయిన ఆరేళ్ళలో ఆ చెయ్యి ఆమెని అలా పట్టుకున్నది లేదు. గుండెల మీద నుంచి ఒక బరువు దిగినట్టయింది. ఆ హాయి ఎక్కడిదో ఆమెకి తెలుసు. తెలిసీ, ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం అని దాన్ని ఉండనిచ్చింది.

కారు గేటు దాటింది. నది వంతెన ఎక్కింది.

“తల్లిగారింటికి పోతానందా?” నెకులాయ్ అడిగాడు.

“ఊఁ.”

“పోనీ. రేపు పండగ. ఎల్లుండి దాని బట్టలు సర్దిపెట్టమ్మా. నేను ఆ గదిలోకి వెళ్ళలేను.”

వంతెన అయిపోయింది. ప్రొఫిర ఒళ్ళో చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది.

“సరే,” అంది.